ఓడినవాళ్ళకి పెద్దమ్మ పురమాయింపు

పెద్దమ్మకి పని చెప్పడం వచ్చు. ఎవరికి చెప్పాలో మాత్రం రాదు. వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. చెప్పి చూసినవాళ్ళూ ఉన్నారు గానీ, ఆవిడ చెవిన వేసుకునే రకం కాదు.

మంచి దర్జీలు కళ్ళెదుటే ఉండగా, చూపు ఆనక కొట్టు మూసేసి ఇంట్లో కూర్చున్న ముసలి దర్జీని వెతుక్కుంటూ వెళ్ళి రవికె కుట్టించుకుంది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. దాన్ని పెట్టెలో దాచేసినా బాగుండేది. పెళ్ళికి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా అదే రవికె. ఎవరైనా తేరిపార చూస్తే, "ఇటు పక్క నిలబడండి, ఇటునుంచి బాగుంటుంది" అనేది.

ఉప్పు ఎక్కువేస్తున్నాడని హోటల్లోంచి తీసేసిన వంటాయన ఒకడుండేవాడు. తీసేసిన మర్నాడే ఆయన్ని పిలిపించి, "మా ఇంటికి చుట్టాలొస్తున్నారు, వంట చెయ్యాలి" అంది. వచ్చిన చుట్టాలు ఆ సాయంత్రమంతా మంచినీళ్ళు తాగుతూనే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన వెళ్ళేటప్పుడు బిందె ఖాళీ అయిందని చెప్పి మరీ వెళ్ళాడు. పెద్దమ్మ మాత్రం వంటాయన్ని గుమ్మం దాకా సాగనంపి, "మళ్ళీ కబురు పెడతాను" అంది. అన్నట్టే పెట్టింది కూడా.

ఇలాంటి పనితనంతో ఆ ఇల్లు నిండిపోయింది. కుర్చీకి మూడు కాళ్ళే నేలకి ఆనుతాయి. కిటికీ రెక్క ఒకటి లోపలికి తెరుచుకుంటుంది, రెండోది బయటికి. వీధి తలుపు గొళ్ళెం సంగతి చెప్పనే అక్కర్లేదు. అది ఉంది, మెరుస్తుంది, కానీ పడదు. కడ్డీ ఒక చోట, అది దూరాల్సిన కన్నం మరో చోట. అందుకని తలుపు వేసినప్పుడల్లా లోపలినుంచి స్టూలు అడ్డం పెట్టాలి. ఆ గొళ్ళెం ఎవరు బిగించారంటే, "ఎవరో పాపం, కష్టపడి బిగించాడు" అని మాట దాటేసేది.

ఆ స్టూలు పెట్టే డ్యూటీ పెద్దమ్మ చెల్లెలి కూతురిది. ఆ అమ్మాయి అక్కడే ఉండి బస్సు డిపోలో పాసులిచ్చే కిటికీ దగ్గర పనిచేస్తోంది. పర్మనెంటు కాదు, ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. అంతకు ముందు పనిచేసిన కంపెనీ మూతబడినప్పుడు మంచం దిగకుండా పడుకుంటే, ఈ ఊరినుంచి వెళ్ళిన పెద్దమ్మ ఒక్క మంచి మాటైనా అనలేదు. "మా వంటింటి గోడకి రంగు వెయ్యాలి, లే" అని వెంటబెట్టుకుని వచ్చేసింది. ఆ పిల్ల జన్మలో బ్రష్షు పట్టింది లేదు. రంగులో నీళ్ళు ఎక్కువ పోసింది. గోడ సగం ఆకుపచ్చగా, సగం మజ్జిగలా తేలింది. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా పెద్దమ్మ వాళ్ళని వంటింట్లోకి తీసుకెళ్ళి ఆ గోడ చూపించేది. అమ్మాయికి తల కొట్టేసినట్టుండేది.

అలా రోజులు గడుస్తుండగా పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి.

చాలా ఏళ్ళుగా దేశాన్ని ఏలుతున్న పార్టీ తరఫున అక్కడ గెలుస్తున్నది ఆ వీధి చివర మేడలో ఉండే లెక్కల మాస్టారు. ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పిన మనిషి. ఎదుటి పార్టీ మనిషి, ఆ ఊరి బజారులో ఇనుప సామాన్ల కొట్టు నడిపే ఆయన. కిందటిసారి చిత్తుగా ఓడిపోయాడు. ఈసారి గాలి మారింది. ఫలితాల రోజు మధ్యాహ్నానికే మాస్టారు ఓడిపోయారని తెలిసింది, సాయంత్రానికి ఆయన ప్రభుత్వమే పోయింది. మేడ ముందు వేసిన షామియానా గెలుపు కోసం వేసింది. కట్టినవాళ్ళే వచ్చి, ఎవరి మొహం చూడకుండా విప్పుకుపోయారు.

డిపోలో యూనియన్ లీడరు గెలిచిన పార్టీ మనిషి. ఆయన ఆ సాయంత్రమే అమ్మాయి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నీ పర్మనెంటు కాయితం ఈ నెలలో కదిలిపోతుంది. మనవాళ్ళు వచ్చారు. రేపు ఊరేగింపులో కాస్త కనపడు. మాస్టారింటి వైపు మాత్రం వెళ్ళకు. ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో ఇప్పుడు అందరూ చూస్తుంటారు" అన్నాడు.

"నాకేం పని అక్కడ" అంది అమ్మాయి. ఇంటికి వెళ్ళి మంచి చీర ఒకటి ఇస్త్రీ కూడా చేసి పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ తల దువ్వుకుని, ఆ పొడుగు పొట్టి చేతుల రవికె వేసుకుని తయారై కూర్చుంది.

"ఏమే, బండి తియ్యి. మాస్టారింటికి వెళ్ళాలి."

అమ్మాయి చేతిలో దువ్వెన ఆగిపోయింది. "ఎందుకు?"

"పనుంది. మన వీధి మొదట్లో ఆగే బస్సు ఆపడం ఏనాడో మానేశారు కదా. ఆ సంగతి అడగాలి."

"పెద్దమ్మా, నిన్న టీవీ చూశావా లేదా?"

"నీకంటే ముందే చూశాను."

"ఆయన ఓడిపోయారు."

"తెలుసే."

"ప్రభుత్వమే పోయింది."

"అదీ తెలుసు."

"మరి ఓడిపోయినాయన్ని బస్సు అడగడం ఏమిటి? అడగాల్సింది గెలిచినాయన్ని."

"గెలిచినవాడికి తీరికెక్కడుంటుందే" అంది పెద్దమ్మ, చాలా సబబైన మాట చెప్పినట్టు.

అమ్మాయికి ఒళ్ళు మండింది. మాస్టారు పదవిలో ఉన్నన్నాళ్ళూ వీధి మొత్తం ఆయన గుమ్మంలో నిలబడింది. పింఛను కావాలని, సీటు కావాలని, బదిలీ ఆపాలని. పెద్దమ్మ ఒక్కరోజు ఆ గడప తొక్కలేదు. వెళ్ళమని బతిమాలితే మోకాళ్ళ నొప్పి అనేది. ఆ నొప్పి సరిగ్గా ఇవాళే తగ్గింది.

"నా ఉద్యోగం సంగతి తెలుసు కదా" అని యూనియన్ లీడరు అన్నదంతా చెప్పింది అమ్మాయి.

పెద్దమ్మ చెంగు సర్దుకుని లేచింది. "అయితే నువ్వు రావద్దులే. నిజమే, నీకు ఇబ్బంది. నేను నడిచి వెళ్తాను" అని స్టూలు పక్కకి జరిపి బయటపడింది.

ఆవిడ ఒక్కో ఇంటి గోడ పట్టుకుంటూ, ఒక్కో అరుగు దగ్గర ఆగుతూ వెళుతుంటే అమ్మాయి గుమ్మంలోంచి చూసింది. కోపంగానే చూసింది. ఇస్త్రీ చీర వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత తిట్టుకుంటూ బండి తీసింది. ఎవరూ గుర్తు పట్టకూడదని ముఖానికి చున్నీ చుట్టుకుని, పైన హెల్మెట్ పెట్టుకుని, దాని అద్దం కూడా దించింది. ఇంత చేసి, వెనక సీటు మీద ఆ రవికెతో పెద్దమ్మని కూర్చోబెట్టుకుంటే ఏం లాభం. టీ కొట్టు దగ్గర ఎవరో "ఏమ్మాయ్, పొద్దున్నే ఎటు?" అని గుర్తుపట్టి మరీ పలకరించారు.

మొన్నటిదాకా మేడ గేటు దగ్గర చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. ఇవాళ ఒక్క జత లేదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టి ఉన్నాయి. ఓ మూల పూలదండల బుట్ట, మూత తియ్యకుండానే వాడిపోయింది. గెలిచిన ఇంటి సందడి కోసం తెచ్చిన వస్తువులు ఓడిన ఇంట్లో ఎంత చోటు ఆక్రమిస్తాయో అమ్మాయి అప్పుడే చూసింది. ఆమెకి తెలియకుండానే హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుంది.

మాస్టారి భార్య తలుపు తీసింది. రాత్రంతా నిద్ర లేని ముఖం. "నిన్న మధ్యాహ్నం గదిలోకి వెళ్ళారు, బయటికి రాలేదు పెద్దమ్మా. అన్నం పెడితే అలాగే ఉంది. ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. అదేమో మోగట్లేదు" అంది.

పెద్దమ్మ ఓదార్పుగా ఏదైనా అంటుందని అమ్మాయి అనుకుంది. ఆవిడ తిన్నగా వెళ్ళి గది తలుపు తట్టింది.

"మాస్టారూ, బస్సు పని మీద వచ్చాను."

లోపల కుర్చీ జరిగింది. తలుపు తెరుచుకుంది. గడ్డం మాసి, చొక్కా నలిగి, ఆయన ఒక్కరోజులో ఏడాది పెద్దవాడైనట్టున్నారు. ఈవిడ వెటకారానికి వచ్చిందా, మతి తప్పి వచ్చిందా అన్నట్టు చూశారు.

"పెద్దమ్మగారూ, నేను ఓడిపోయానండి."

"అవును. నేను కూడా మీకు వెయ్యలేదు."

అమ్మాయికి అక్కడే నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. మాస్టారు మాత్రం గుమ్మం దాటి ఒక అడుగు బయటికి వచ్చారు.

"ఎందుకు వెయ్యలేదు?"

"బస్సు తెస్తానని చెప్పి తేలేదు. అంతకు ముందు కూడా అదే చెప్పారు."

"పదవిలో ఉన్నప్పుడే చెయ్యలేనిది ఇప్పుడెలా చేస్తానమ్మా?"

"అప్పుడు మీకు దేశం పనులుండేవి. ఇప్పుడు ఖాళీయేగా."

మాస్టారి భార్య పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఆవిడకే తెలియాలి.

"నాకిప్పుడు అధికారం లేదు" అన్నారు మాస్టారు, చిన్న గొంతుతో.

"అధికారం నాకెందుకు మాస్టారూ, మా ఇంట్లో పెట్టుకోవడానికి చోటు లేదు. డిపో దాకా వచ్చి నా పక్కన నిలబడి అడగండి చాలు. నాకు గట్టిగా మాట్లాడటం రాదు."

అమ్మాయికి పొలమారింది. పెద్దమ్మ ఇంట్లో దగ్గితే వీధి చివర పాలవాడు ఆగుతాడు.

మాస్టారు గడ్డం తడుముకున్నారు. "ఇలా ఎలా వస్తాను, గీసుకోవాలి" అని గొణిగారు. కాసేపటికి స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు విని ఆయన భార్య గబగబా వంటింట్లోకి పరిగెత్తింది. "ఆయన్ని తిని రమ్మను తల్లీ. అక్కడ క్యూ పెద్దదట" అని పెద్దమ్మ వెనకనుంచి కేక వేసింది.

డిపోలో మాస్టారు అలవాటు కొద్దీ తిన్నగా మేనేజరు గదివైపు నడిచారు. పెద్దమ్మ చెయ్యి పట్టి ఆపి, "వరస ఇటు" అంది. ఆయన వరసలో నిలబడ్డారు. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, మళ్ళీ చూశారు. ఒకాయన పక్కకి జరిగి చోటివ్వబోతే, "వద్దు, నాకు తొందరేం లేదు" అన్నారు మాస్టారు. అన్నాక ఆ మాట నిజమేనని ఆయనకే తోచినట్టుంది, కాస్త నవ్వారు.

మేనేజరు గది గోడ మీద ఓడిన ప్రభుత్వపు పెద్దాయన ఫొటో తీసేశారు. కొత్తాయనది ఇంకా రాలేదు. ఫొటో ఉన్నచోట గోడ తెల్లగా కనబడుతుంటే మేనేజరు అక్కడ టైర్ల కంపెనీ క్యాలెండరు తగిలించాడు. మాస్టారు లోపలికి రాగానే ఆయన లేచాడు. లేవకూడదేమోనని కూర్చున్నాడు. కూర్చుంటే బాగుండదేమోనని సగం లేచి, బల్ల పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"చెప్పండి సార్. అంటే మాస్టారూ."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మిత్రులారా, ఈ ప్రాంత రవాణా సమస్య ఈనాటిది కాదు..."

"ఓట్లు అయిపోయాయి మాస్టారూ" అంది పెద్దమ్మ. "బస్సు సంగతి చెప్పండి."

గుమ్మంలో నిలబడ్డ వరస మొత్తం గొల్లుమంది. మాస్టారు కూడా పకపకా నవ్వేశారు. అప్పుడు మామూలు మనిషిలా చెప్పారు. బస్సు ఆగకపోతే ఆ వీధివాళ్ళు మార్కెట్ దాకా నడవాల్సి వస్తోందని, ఈ పెద్దావిడ మోకాళ్ళు అందుకు ఒప్పుకోవని.

"పరిశీలించాలండి. వచ్చే వారం రండి" అన్నాడు మేనేజరు.

"వచ్చే వారం రండి అంటే ఏమిటో నాకు తెలుసు బాబూ. ఆ మాట నేనే చాలామందికి చెప్పాను. అందుకని రేపే వస్తాను" అన్నారు మాస్టారు.

డ్యూటీకి వచ్చి పాసుల కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి ఇదంతా చూస్తోంది. యూనియన్ లీడరు ఆమెని చూస్తున్నాడు. పోతూ పోతూ కిటికీ దగ్గర ఆగి, "నీ కాయితం సంగతి ఇక నువ్వే చూసుకో" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద గొడవైంది. గొడవంటే ఒకవైపు నుంచే.

"ఊళ్ళో ఎవరికీ లేని పిచ్చి నీకెందుకు? పనికొచ్చేవాళ్ళని ఒక్కరిని అడగవు. పనికిరానివాళ్ళని ఏరుకుని మరీ అడుగుతావు. ఇప్పుడు నా ఉద్యోగం పోతే ఎవరిని అడుగుతావు?"

పెద్దమ్మ అంతా విన్నది. ఆవిడ ముఖం కూడా చిన్నబోయింది. "పోదులే" అంది మెల్లగా. ఆ తర్వాత, "పోతే రెండో గోడకి కూడా రంగు వేద్దువుగాని" అంది.

అమ్మాయి విసురుగా వీధి తలుపు వేసింది. అది నెమ్మదిగా మళ్ళీ తెరుచుకుంది. తిట్టుకుంటూ వెళ్ళి స్టూలు పెట్టింది.

ఆ వారం చివర్లో గెలిచినాయన వీధి వీధికీ తిరిగి దండాలు పెడుతూ వచ్చాడు. డప్పులు, జెండాలు, మెడ కనబడనన్ని దండలు. ఊరేగింపు పెద్దమ్మ ఇంటి ముందు ఆగింది. వెంట ఉన్నవాళ్ళని బయటే నిలబెట్టి ఆయన ఒక్కడే తలుపు తోశాడు. స్టూలు దభీమని పడింది. అమ్మాయి వంటింట్లోకి తప్పుకుంది గానీ, ఆయన స్టూలు ఎత్తి పక్కన పెట్టి వంటింటి గుమ్మం దాకా వచ్చేశాడు.

"డిపోలో పనిచేసేది నువ్వేనామ్మా? మాస్టారింటికి బండి మీద తీసుకెళ్ళింది?"

అయిపోయింది అనుకుంది అమ్మాయి. అబద్ధం ఆడదామనుకుంది, నోరు రాలేదు. "నేనేనండి."

"ఏం పని చెప్పింది ఆయనకి?"

"బస్సండి."

ఆయన వీధి తలుపు వైపు చూసి నవ్వాడు. "నాకు గొళ్ళెం చెప్పింది."

అమ్మాయికి అర్థం కాలేదు.

"కిందటిసారి ఓడిపోయానే, ఆ మర్నాడు. కొట్టు షట్టరు సగం దించుకుని లోపల కూర్చున్నాను. ముందురోజు దాకా నా వెనక తిరిగినవాళ్ళు ఎదుటి పేవ్‌మెంటు మీదనుంచి వెళుతున్నారు. పెద్దమ్మ షట్టరు కిందనుంచి వంగి లోపలికొచ్చి, మా తలుపుకి గొళ్ళెం బిగించాలి రా అంది. అమ్ముతాను గానీ బిగించడం రాదన్నాను. నేర్చుకో, ఇప్పుడు ఖాళీయేగా అంది." ఆయన తన బొటనవేలు మీద మచ్చ చూపించాడు. "రోజంతా బిగించాను. మధ్యాహ్నానికి చెయ్యి కోసుకుంది. సాయంత్రానికి ఆకలేసింది. అంతకు ముందు రెండు రోజులనుంచి ఆకలి లేదు నాకు."

అమ్మాయి తల తిప్పింది. ఎదురుగా ఆ గోడ ఉంది. సగం ఆకుపచ్చ, సగం మజ్జిగ. ఆ రంగు వేసిన రాత్రి తను చేతులకి రంగుతోనే రెండుసార్లు అన్నం పెట్టించుకుని తినడం, చాలా రోజుల తర్వాత ఒళ్ళెరక్కుండా నిద్రపోవడం గుర్తొచ్చాయి. చూపు పోయిన దర్జీ గుర్తొచ్చాడు, ఉప్పెక్కువ వంటాయన గుర్తొచ్చాడు. ఇన్నాళ్ళూ తప్పు మనుషులనుకున్నవాళ్ళని పెద్దమ్మ ఎంత చూసుకుని ఎంచుకుందో తెలిసేసరికి అమ్మాయి ఆ గోడని చేత్తో తడిమింది.

"మావాళ్ళెవరో నీ కాయితం గురించి ఏదో అన్నారట. కొత్తగా గెలిచారు, ఇంకా అలవాటు కాలేదు. ఆ ఇంటికి వెళ్ళావని ఎవరూ దాన్ని ఆపరు. ఆపితే నా దగ్గరికి రా" అన్నాడాయన. అంటూ జేబులోంచి ఫోను తీశాడు. "బస్సు కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఒక్క మాట చాలు."

"ఆ ఫోను జేబులో పెట్టు" అంది పెద్దమ్మ పెరట్లోంచి వస్తూ.

"అదేమిటి పెద్దమ్మా, బస్సు వద్దా?"

"మాస్టారు రోజూ డిపోకి వెళ్తున్నాడు. రేపు వీధిలోవాళ్ళని కూడా వెంటబెట్టుకుని వెళ్తాడట. నిన్న అన్నం దగ్గర కూర్చుని డిపోవాళ్ళ మీద కోప్పడ్డాడట, వాళ్ళావిడ సంబరంగా చెప్పింది. బస్సు ఆయన తెస్తాడు. నువ్వు మధ్యలో దూరకు."

"అప్పటిదాకా మార్కెట్ నుంచి నడవాల్సింది నేను" అంది అమ్మాయి.

"నడువు, ఒంటికి మంచిది" అంది పెద్దమ్మ. అమ్మాయి ఈసారి తిట్టుకోలేదు.

బయట జిందాబాద్‌లు మొదలయ్యాయి. గెలిచినాయన గుమ్మం దగ్గర ఆగి గొళ్ళెం కడ్డీని అటూ ఇటూ లాగి చూశాడు. తను చేసిన పనికి సిగ్గుపడ్డాడు. "పోనీ ఇదన్నా మార్పించనీ. మావాళ్ళని పంపిస్తాను, గంటలో అయిపోతుంది."

"దాన్ని ముట్టుకోకు" అంది పెద్దమ్మ. "నీకిప్పుడు దేశం పనులుంటాయి, వెళ్ళు. మళ్ళీ ఓడిపోయాక తీరిగ్గా వచ్చి సరిచేద్దువుగాని."

ఆయన పెద్దగా నవ్వి దండం పెట్టాడు. వెళుతూ మర్యాదగా తలుపు దగ్గరగా వేశాడు. అది మళ్ళీ తెరుచుకుంది. అమ్మాయి చెప్పించుకోకుండానే వెళ్ళి స్టూలు పెట్టింది.